బ్యాటరీ ఉబ్బింది, పని మాత్రం ఆగకూడదు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. కుదించి చెప్తే సంగతి ఇది. ఆవిడ ఇంట్లోనే ఉండి రెండు మూడు చిన్న సంస్థలకు లెక్కలు చూసిపెడతారు. వాడుతున్న ల్యాప్‌టాప్ ఆవిడ కొన్నది కాదు. విదేశంలో ఉన్న అక్క తాను కొత్తది తీసుకున్నప్పుడు పాతది చెల్లెలికి ఇచ్చింది. కొంతకాలంగా దాని టచ్‌ప్యాడ్ నొక్కినా నొక్కుకోవడం లేదు. దుమ్ము చేరిందనుకుని తుడిచారు, తర్వాత మౌస్ తగిలించుకుని సర్దుకున్నారు. ఆపైన మూత పూర్తిగా మూసుకోవడం మానేసింది. బల్ల మీద పెడితే ఒక మూల లేచి ఊగుతోంది. ఈమధ్య పక్కనుంచి చూస్తే, చేతులు ఆనించే పలక మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించింది.

ఇంట్లో ఎవరి మాట వారిది. "ఇంకా రెండు గంటలు ఛార్జింగ్ ఆగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉంది, ఊరికే ఖర్చెందుకు" అని భర్త అంటున్నారు. నాలుగో తరగతి చదివే కొడుకు ఒకసారి దాన్ని మంచం మీంచి పడేశాడు కాబట్టి తప్పంతా వాడిదేనని కూడా ఆయనే తేల్చేశారు. రిపేరు షాపతను అడుగు మూత తెరిచి చూసి, "సూదితో చిన్న రంధ్రం పెడితే గాలి పోతుంది, కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, లేదంటే కంపాటిబుల్ బ్యాటరీ, అంటే వేరే కంపెనీ చేసింది, వేస్తా" అన్నాడట. సర్వీస్ సెంటర్‌వాళ్లు బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, కీబోర్డు ఉన్న పై పలకతో కలిపి మార్చాలన్నారు. ఆ ఖర్చుకు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపే వచ్చేలా ఉంది. వచ్చే నెల అక్క వస్తోంది, తిరిగి వెళ్లేటప్పుడు విమానంలో పట్టుకెళ్లి కొన్నచోటే బాగుచేయిస్తుందేమోనని మరో ఆలోచన. కానీ అక్కకు ఇంకా చెప్పనే లేదు. "ఎప్పుడూ ఛార్జర్ తీసిన పాపాన పోలేదు. రాత్రిళ్లు పరుపు మీద పెట్టుకునే పని చేశాను. తను ఇచ్చిన వస్తువును నేనే పాడుచేశానని ఏ మొహంతో చెప్పను?" అని రాశారు. పది రోజుల్లో ఒక సంస్థకు ఏడాది లెక్కలు అప్పగించాలి. ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, వేరేచోట కాపీ లేదు. "ఈ పది రోజులూ జాగ్రత్తగా వాడుకుని, తర్వాత చూసుకోవచ్చా?" అన్నది ఆవిడ అడిగిన ప్రశ్న.

మీ ఉత్తరంలో బ్యాటరీ గురించి ఉన్నవి నాలుగు వాక్యాలు, తప్పెవరిదన్న దాని గురించి రెండు పేజీలు. నేను వరస మారుస్తాను. ముందు బ్యాటరీ, తర్వాత ఫైళ్లు, ఆ తర్వాతే అక్క.

వాడకూడదు. పది రోజుల మాట అటుంచి, ఈ రోజు కూడా వద్దు. నేను ఖరాకండీగా చెప్పేది ఇదొక్కటే, మిగతా అన్నింటిలో మీకు ఒకటికి రెండు దారులున్నాయి. ఇది చదివాక మొదట ఛార్జర్ తీసేయండి. ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేయండి, స్లీప్‌లో వదిలేయొద్దు. మూత మూసుకోకపోతే వదిలేయండి, బలవంతాన నొక్కితే లోపల ఉబ్బిన సంచి నలుగుతుంది. పరుపు, సోఫా, పుస్తకాల అర, కర్టెన్ల పక్క ఇవేవీ దాన్ని ఉంచాల్సిన చోట్లు కావు. గచ్చు నేల మీదో, రాతి పలక మీదో, చుట్టూ అంటుకునేవేవీ లేకుండా, ఎండ తగలని చోట, బాబు చేతికి అందకుండా పెట్టండి. దాని మీద ఏ బరువూ పెట్టొద్దు. చల్లగా ఉంటే మంచిదని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు, ఆ పని అసలే వద్దు. తేమ చేరితే కొత్త సమస్య మొదలవుతుంది.

ఇప్పుడు మీవారి వాదన. రెండు గంటలు ఛార్జింగ్ ఆగడం, బ్యాటరీ క్షేమంగా ఉండడం వేర్వేరు విషయాలు. బ్యాటరీ ఎంత కరెంటు దాచగలదో కంప్యూటర్ లెక్కకట్టి చెప్పగలదు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే కొత్తలో కెపాసిటీ ఎంత, ఇప్పుడెంత అని రెండు అంకెలు చూపిస్తుంది. లోపల గ్యాస్ ఎంత చేరిందో కొలిచే మీటరు మాత్రం అందులో లేదు. అందుకే రిపోర్టులో ఎనభై శాతం ఆరోగ్యం చూపిస్తూనే బ్యాటరీ బూరెలా ఉబ్బి ఉండొచ్చు. ఉబ్బును పట్టుకునేవి మన కళ్లూ చేతులే. మీకు కనిపించినవన్నీ వాటి వరసలోనే కనిపించాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఉండేది సరిగ్గా చేతులు ఆనించే పలక కింద. అది లేస్తే మొదట దెబ్బ తగిలేది టచ్‌ప్యాడ్‌కే. తర్వాత అడుగు మూత బయటికి వంగుతుంది, బల్ల మీద ఊగుతుంది. టచ్‌ప్యాడ్ పాడైందని దాన్ని మార్పించుకుని, నెల తిరక్కుండా మళ్లీ అదే ఇబ్బందితో షాపుకెళ్లేవాళ్లు చాలామందే.

సూది సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టిన వాక్యం అది. ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో ఉండేవి మెత్తటి సంచుల్లాంటి లిథియం సెల్స్. పైన అల్యూమినియం రేకు కలిసిన పొర, లోపల పాజిటివ్, నెగెటివ్ రేకులు, వాటి మధ్య తలవెంట్రుక మందం కూడా లేని ప్లాస్టిక్ తెర, అంతా నానేలా ఒక ద్రావకం. ఆ ద్రావకం పెట్రోలులాగే మండే సేంద్రియ పదార్థం. వయసు, వేడి, ఎప్పుడూ నిండుగా ఉండే ఛార్జింగ్ వల్ల అది కొంచెం కొంచెంగా విచ్ఛిన్నమై గ్యాస్ అవుతుంది. కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్‌లాంటివి అందులో ఉంటాయి. సంచి సీలు వేసి ఉంటుంది కాబట్టి పోయే దారి లేక ఉబ్బుతుంది. అంటే ఆ సంచి ఇప్పటికీ తన పని తాను చేస్తోంది, గ్యాస్‌ను లోపలే పట్టి ఉంచుతోంది. దానికి సూది గుచ్చితే పోయేది గాలి ఒక్కటే అయితే బాగుండేది. సూది ఆ తెరను కూడా చీల్చుకుని పోతుంది. పాజిటివ్, నెగెటివ్ రేకులు ఒకదానికొకటి తగులుతాయి, షార్ట్ అయిన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పక్క పొర కూడా దెబ్బతిని ఇంకా వేడి పుడుతుంది. ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఆపడం కష్టం. మంట రాలేదనుకుందాం, అప్పుడైనా లోపలి లిథియం లవణానికి గాలిలోని తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. ఆ మాటన్న షాపులో కొత్త బ్యాటరీ వేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే, సూది సలహా ఇచ్చిన చేతికి స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వను.

ఇంతా చెప్పి, ఉబ్బిన ప్రతి బ్యాటరీ పేలుతుందని మిమ్మల్ని హడలగొట్టడం నా ఉద్దేశం కాదు. చాలావరకు పేలవు. ఛార్జింగ్ ఆపి, నొక్కకుండా, గుచ్చకుండా, వేడి తగలకుండా ఉంచితే మార్పించేదాకా కదలకుండా ఉంటాయి. అయితే ఏది ఉంటుందో, ఏది ఉండదో బయట్నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. కాబట్టి గుర్తులు మాత్రం తెలిసి ఉండాలి. వాడకుండానే ముట్టుకుంటే వేడిగా ఉండడం, నెయిల్ పాలిష్ రిమూవర్‌లాంటి తియ్యటి ఘాటు వాసన, బుసకొట్టే చప్పుడు, పొగ. వీటిలో ఏది కనిపించినా దాన్ని బయట పారేద్దామని చేతుల్లోకి తీసుకోవద్దు. అందరూ గదిలోంచి బయటికొచ్చి, తలుపు మూసి, అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి. ఆ పొగ పీల్చకూడదు. లిథియం మీద నీళ్లు పోయకూడదన్న మాట మీరూ వినే ఉంటారు. అది లిథియం లోహం గురించిన మాట. ల్యాప్‌టాప్‌లో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ మంటను చల్లార్చడానికి నీళ్లే వాడతారు, విమానాల్లో సిబ్బందికీ అదే నేర్పుతారు. కానీ ఆ పని శిక్షణ ఉన్నవాళ్లది. మీ వంతు బయటికి నడవడం.

ఇక ఫైళ్లు. ఆన్ చేయకుండా ఫైళ్లెలా తీస్తామని మీకు అనిపిస్తుంది. ఆన్ చేసే ముందు చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మీ ఫోన్‌లోంచో, మీవారి కంప్యూటర్‌లోంచో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వన్‌డ్రైవ్ తెరవండి, ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచిపెట్టే చోటు అది. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మనకు తెలియకుండానే అందులోకి కాపీ అవుతూ ఉంటాయి. కాపీ లేదనుకున్నవాళ్లకు ఫైళ్లన్నీ అక్కడ దొరకడం అరుదేమీ కాదు. మెయిల్‌లో పంపిన జాబితా చూడండి, సగం సగం తయారైన లెక్కలు ఎవరికో ఒకరికి పంపే ఉంటారు.

అక్కడ దొరక్కపోతే, ఫైళ్లుండే డిస్కును బయటికి తీయించడం ఒక దారి. చాలా మోడళ్లలో ఆ డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ, చూయింగ్ గమ్ ముక్కంత పలక, ఒక్క స్క్రూతో ఊడివస్తుంది. దాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ విషయంలో ఇది ముఖ్యం. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తం బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటుంది, వేసినట్టు మనకు గుర్తు కూడా ఉండదు. వేరే కంప్యూటర్‌కు తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా ల్యాప్‌టాప్‌ను మొదట సెటప్ చేసినవాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. మొదట సెటప్ చేసింది మీరు కాదు, మీ అక్క.

కొన్ని పలుచని మోడళ్లలో డిస్క్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, ఊడిరాదు. అప్పుడు మిగిలేది, బ్యాటరీని పూర్తిగా బయటికి తీయించి, ఛార్జర్ కరెంటు మీదే ల్యాప్‌టాప్‌ను నడిపి కాపీ చేసుకోవడం. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా నడుస్తాయి. కొన్ని బాగా నెమ్మదిస్తాయి, కొన్ని మొండికేసి అసలు ఆన్ కావు. మీది నడిచే రకమైతే ఫైళ్ల సమస్యతో పాటు పది రోజుల సమస్య కూడా అక్కడే తీరిపోతుంది. కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఛార్జర్ మీదే పని చేసుకోవచ్చు. దీనికీ ఒక మూల్యం ఉంది. కరెంటు పోయినా, ప్లగ్గు కదిలినా ఆ క్షణమే ఆరిపోతుంది, సేవ్ చేయని లెక్కలు గల్లంతు. అలా నడపాల్సి వస్తే యూపీఎస్ పెట్టుకోండి, సేవ్ బటన్‌ను అలవాటుగా నొక్కుతుండండి. ఇంకో మాట, వైరు ఊడదీసి బ్యాటరీని లోపలే వదిలేస్తానంటే ఒప్పుకోవద్దు. ఉబ్బిన సంచిలో ఛార్జ్ అలాగే ఉంటుంది, పైనుంచి ల్యాప్‌టాప్ వేడి కూడా తగులుతుంది. తీస్తే పూర్తిగా బయటికి తీయాలి.

ఎవరితో తీయించాలి, ఏం వేయించాలి అన్నది తర్వాతి ముడి. సర్వీస్ సెంటర్‌వాళ్లు పై పలకతో కలిపి అన్నారంటే మోసం చేస్తున్నారనే అనుకోనక్కర్లేదు. కొన్ని మోడళ్లలో బ్యాటరీని స్క్రూలతో బిగించరు, బలమైన జిగురుతో పై పలకకే అంటిస్తారు. ఉబ్బిన సంచిని జిగురులోంచి లాగడం అంటే వంచడమే, వంచడం అంటే ఆ పలుచని తెరతో చెలగాటం. కాబట్టి పలకతో సహా మార్చేస్తారు. ఖర్చెక్కువ, కానీ వంగిపోయిన పలక, టచ్‌ప్యాడ్ కూడా కొత్తవి వస్తాయి, పనికి వారంటీ ఉంటుంది. మీది నిజంగా జిగురు రకమేనా, స్క్రూల రకమా అన్నది మోడల్ నంబర్‌తో కనుక్కోవచ్చు. స్క్రూల రకమైతే వాళ్లు చెప్పిన లెక్క మీద గట్టిగా ప్రశ్నించండి, బ్యాటరీ ఒక్కటే మారిస్తే ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వమనండి. స్క్రూల రకంలో చాలాసార్లు కింద ఒత్తిడి పోగానే టచ్‌ప్యాడ్ దానంతటదే మామూలవుతుంది. పలక శాశ్వతంగా వంగిందో లేదో తేలేది బ్యాటరీ తీశాకే. తీయకముందే టచ్‌ప్యాడ్‌కు కూడా బిల్లు వేయనివ్వకండి.

బయటి షాపులో వేయించడం రెండో దారి. తప్పేమీ లేదు, పని తెలిసినవాడైతే. పని తెలుసో లేదో ముందే పట్టేయొచ్చు. ఉబ్బిన బ్యాటరీ అనగానే తెరవకముందు ఛార్జ్ ఎంత ఉందని అడిగేవాడు, ఇనప బ్లేడు కాకుండా ప్లాస్టిక్ పనిముట్టు వాడేవాడు, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి తర్వాత మిగతా పని చేసేవాడు, తీసిన బ్యాటరీని మూల పడేయకుండా ఇసుక డబ్బాలో పెట్టేవాడు దొరికితే నిశ్చింతగా ఇవ్వండి. కంపాటిబుల్ అన్న మాట వినగానే బెదిరిపోనక్కర్లేదు. వాటిలో మంచివి ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. నాసివాటిలో సెల్స్ కన్నా ముందు కోతపడేది వాటిని కాపాడే చిన్న సర్క్యూట్‌కు. మరీ ఎక్కువ ఛార్జ్ కాకుండా, మరీ ఖాళీ కాకుండా, వేడెక్కితే ఆపేలా చూసేది అదే. సరైన బ్యాటరీ ఎంచుకోవడానికి ల్యాప్‌టాప్ పేరు చాలదు. అదే మోడల్‌కు రెండు మూడు రకాల బ్యాటరీలు వస్తాయి. పాత బ్యాటరీ మీది లేబుల్‌పై ఉన్న పార్ట్ నంబర్, వోల్టేజ్, వాట్ అవర్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచగలదో చెప్పే కొలత) అంకె, మూడూ ఫోటో తీసి పెట్టుకోండి. పాత బ్యాటరీ సైజులోనే ఉండి, చాలా ఎక్కువ వాట్ అవర్లు ఇస్తానంటే నమ్మొద్దు. తయారైన తేదీ చూడండి, లిథియం బ్యాటరీ అల్మారాలో ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు తమది కాని బ్యాటరీ పెడితే ఆన్ చేయగానే హెచ్చరిక చూపిస్తాయి, కొన్ని ఛార్జ్ చేయడానికే ఒప్పుకోవు. మీ మోడల్ ఆ బాపతు కాదు కదా అని షాపతన్ని ముందే అడగండి. ఏది వేయించినా మొదటి కొన్ని ఛార్జింగ్‌లు మీరు మెలకువగా, ఇంట్లో ఉన్నప్పుడే పెట్టండి.

మీరే తెరిచి మార్చుకోవడం మూడో దారి. మామూలు బ్యాటరీ అయితే సరేననేదాన్ని. బాగా ఉబ్బినదాన్ని, అందులో జిగురు రకమేమోనన్న అనుమానం ఉన్నప్పుడు, వద్దనే నా సలహా. నాలుగో దారి, దీన్ని వదిలేసి ఇంకొకటి కొనడం. ల్యాప్‌టాప్ ఎలాగూ పాతబడి, పలకతో సహా మార్చడమే గత్యంతరమైతే ఇది వృథా ఖర్చు కాదు. అయితే ఆ పాతదాన్ని బ్యాటరీతో సహా అటకెక్కించి మరిచిపోవడం మాత్రం కుదరదు.

అక్కతో విమానంలో పంపే ఆలోచన ఇప్పుడే కొట్టేయండి. దెబ్బతిన్న, ఉబ్బిన లిథియం బ్యాటరీలను విమానంలో చేతి సంచిలోనూ ఒప్పుకోరు, లగేజీలోనూ ఒప్పుకోరు. దాచిపెట్టి తీసుకెళ్లడం మీ ఒక్కరికి సంబంధించిన ప్రమాదం కాదు. కొరియర్‌లో పంపడం గురించి కూడా ఆలోచించొద్దు. దానికి తిరుగుదారి మాత్రం ఉంది. అక్కడ ఒరిజినల్ బ్యాటరీ సులువుగా దొరికితే అక్క కొత్తది తెచ్చిపెట్టొచ్చు. 100 వాట్ అవర్లకు లోబడిన మంచి బ్యాటరీని, కనెక్టర్ షార్ట్ కాకుండా ప్యాక్ చేసి, చేతి సంచిలో తెచ్చుకోనిస్తారు. చాలా ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఆ హద్దులోపే ఉంటాయి. ఎయిర్‌లైన్స్ నియమం ఒకసారి చూసుకోమనండి. అప్పటిదాకా పాతది బయటికి తీయించి ఉంచాలన్న సంగతి మాత్రం మారదు.

తీసిన పాత బ్యాటరీ మీ చేతికొస్తే, కనెక్టర్ మీద టేపు అంటించి, ఇసుక ఉన్న లోహపు డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించకుండా, ఇంటి లోపల కాకుండా వాన పడని చోట ఉంచండి. వీలైనంత త్వరగా ఇ-వేస్ట్ తీసుకునేవాళ్లకో, సర్వీస్ సెంటర్‌కో ఇచ్చేయండి. ఉబ్బింది అని నోటితో చెప్పి ఇవ్వండి. మామూలు చెత్తలో వేస్తే చెత్త బండిలో నలిగి అక్కడ అంటుకుంటుంది. అసలు కొత్త బ్యాటరీ వేసేవాళ్లే పాతదాన్ని తీసుకోవాలని ముందే మాట్లాడుకుంటే మీకు ఈ బెడద ఉండదు.

ఇక తప్పెవరిది. మీ బాబు పడేయడం వల్ల ఉబ్బి ఉండొచ్చా? మూల నలిగేలా గట్టిగా పడితే ఉండొచ్చు. ఆ మూల సొట్టపడి, ఉబ్బు సరిగ్గా అక్కడే మొదలైతే అనుమానించవచ్చు. మీరు రాసింది మధ్యలో ఉబ్బిందని, నెమ్మదిగా పెరిగిందని. అది వయసుతో, వేడితో వచ్చే ఉబ్బులా ఉంది. మీవారు ఇది చదివితే వాడి మీద వేసిన కేసు కొట్టేస్తారని ఆశిస్తాను. వాడికి చెప్పాల్సింది ఒకటే, దాన్ని ముట్టుకోవద్దు, వింత వాసన వస్తే వెంటనే పెద్దవాళ్లకు చెప్పు అని.

మరి మీ వంతు? కొంత ఉంది, మీరు అనుకున్నంత లేదు. ఎప్పుడూ ఛార్జర్‌లో ఉంచితే సెల్స్ నిండు వోల్టేజ్‌లోనే, ఒక్కొక్కటి 4.2 వోల్టుల దగ్గరో ఇంకాస్త పైనో, ఉండిపోతాయి. ఆ స్థితిలో ద్రావకం త్వరగా పాడవుతుంది. పరుపు మీద పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి వేడి తోడవుతుంది. రెండూ నిజమే. కానీ అలా వాడిన ల్యాప్‌టాప్‌లన్నీ ఉబ్బవు, జాగ్రత్తగా వాడినవీ ఉబ్బుతాయి. తయారీలోనే లోపం ఉండి పెద్ద కంపెనీలు బ్యాటరీలు వెనక్కి పిలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2006లో సోనీ సెల్స్ వల్ల డెల్, ఆపిల్ లక్షల కొద్దీ ల్యాప్‌టాప్ బ్యాటరీలు వెనక్కి తీసుకున్నాయి. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లదీ బ్యాటరీ గొడవే. 2019లో ఆపిల్ కొన్ని 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల బ్యాటరీలు ఉచితంగా మార్చిచ్చింది. మీ ల్యాప్‌టాప్ అలాంటి జాబితాలో ఉందేమో కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూడండి. ఉంటే ఖర్చు లేకుండా మారుతుంది. లేకపోయినా, వారంటీ దాటిపోయినా, "బ్యాటరీ ఉబ్బింది, భద్రత సమస్య" అని కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి చూడండి. ఒప్పుకుంటారన్న హామీ లేదు, అడగడంలో నష్టమూ లేదు. కొత్త బ్యాటరీ వేశాక మీ వంతు దిద్దుబాటు ఒక్క సెట్టింగ్. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లలో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకునే వీలుంది, ఎప్పుడూ ప్లగ్గులో ఉంచి పనిచేసే మీలాంటివాళ్ల కోసమే అది. పరుపు మీద పని చేయక తప్పదంటే కింద ఒక గట్టి పలక పెట్టుకోండి.

ఖర్చు దగ్గర మీవారితో వాదన ల్యాప్‌టాప్ గురించి పెట్టుకోకండి. ఆ యంత్రం మీద మీరు ఎంత సంపాదిస్తున్నారో లెక్క మీ దగ్గరే ఉంది, లెక్కలు రాయడం మీ వృత్తి కూడాను. ఆ కాగితం ఆయన ముందు పెట్టండి.

అక్కకు చెప్పాలా వద్దా అన్నది ఇంతసేపూ మొహమాటం సమస్యగా చూశారు. ఇప్పుడు చూడండి, డిస్క్ తాళం ఆమె అకౌంట్‌లో ఉండొచ్చు, కొన్న బిల్లు ఆమె దగ్గర ఉంది, కొత్త బ్యాటరీ తేగలిగేదీ ఆమె. చెప్పకుండా దాచితే వచ్చే నెల ఆమె ఇంటికొచ్చి టేబుల్ మీద అది లేకపోవడం చూసి అడుగుతుంది, అప్పుడు చెప్పాల్సింది ఇంకా ఎక్కువవుతుంది. పెద్ద ఉపోద్ఘాతం వద్దు. "అక్కా, నువ్విచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బింది. వాడటం ఆపేశాను. నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బిట్‌లాకర్ కీ ఉందేమో చూడు, కొన్న బిల్లు ఫోటో తీసి పంపు" అని రాస్తే చాలు. పాత వస్తువు ఇచ్చిన మనిషికి అది పాతదని తెలుసు. ఆమె వాడిన ఏళ్లు కూడా ఆ బ్యాటరీ మీద ఉన్నాయి.

లెక్కలు అప్పగించాల్సిన సంస్థకు కూడా ఈ రోజే ఒక మాట చెప్పండి. తొమ్మిదో రోజున ల్యాప్‌టాప్ పాడైందని చెప్తే సాకులా వినిపిస్తుంది. ఇప్పుడే చెప్తే నాలుగు రోజులు గడువు ఇవ్వొచ్చు, లేదా తమ దగ్గరున్న పాత ఫైళ్లు పంపొచ్చు, ఒక కంప్యూటర్ ఇచ్చి అక్కడే కూర్చుని చేయమన్నా ఆశ్చర్యం లేదు.